కుళాయి కింద బండ

అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పే అలవాటు శేషాచార్యులుగారికి లేదు. ఆయన పురాణం ముగించి పుస్తకాన్ని గుడ్డలో చుడుతుంటే, శిష్యుడు వరదయ్య తన బాధ చెప్పుకున్నాడు. తల్లికి ఏ లోటూ రానివ్వడం లేదట. అయినా ఆవిడ ముఖాన తృప్తి కనబడదట. ఇంకేం చేయమంటారని అడిగాడు. ఆచార్యులుగారు వేసిన ముడి మళ్ళీ విప్పి, తమ వీధిలోని కనకవల్లి అత్తగారి సంగతి ఎత్తుకున్నారు.

ఆ అత్తగారు అలివేలమ్మ, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. స్నానానికైనా ఒంటికి వెళ్ళడానికైనా ఇంట్లో ఒకటే గది, అందులో గరుకు కడప బండలు. చుట్టాలొస్తే చూపించడానికి కొడుకు సుదర్శనానికి నామోషీగా ఉండేది. మాఘమాసంలో బాగు చేయించడానికి పూనుకున్నాడు. ఐదు కొట్లు తిరిగి, ఒక్కో టైలునూ అరచేత్తో నిమిరి, వెలుతురుకు పట్టి చూసి, అమ్మది మడి కదా, మరక దాగకూడదని, శంఖంలాంటి నున్నటి తెల్లటివి ఎంచాడు. మేస్త్రీ పలుగు ఎత్తుతుండగా అలివేలమ్మ గుమ్మంలోకొచ్చింది.

“ఆ కుళాయి కింద బండ ఒక్కటీ ఉంచరాదూ నాయనా.”

ఇంకా ఆ పాత రాళ్ళమీదేనా నీ మనసని కొడుకు నవ్వాడు. బండ పగిలింది. పని అయ్యాక ఆవిడ లోపల ఒక పాదం మోపి, వెనక్కి తీసుకుని, బాగుందంది. వచ్చినవాళ్ళందరికీ అతను దీపం వేసి మరీ చూపించేవాడు.

వైశాఖంలో ఆవిడ మంచం పట్టింది. ఒంట్లోకి నీళ్ళే పోవడం లేదని, మూత్రపిండాలు చెడ్డాయని డాక్టరు అన్నాడు. పొద్దున కనకవల్లి అత్తగారి మంచం పక్కన పెట్టిన రాగిచెంబు సాయంత్రానికి నిండుగానే ఉండేది. తనే ఆ నీళ్ళు తులసికి పోసి, మళ్ళీ నింపిపెట్టేది. మూడు నెలలుగా అదే వరస.

ఆస్పత్రిలో గ్లాసు అందిస్తే అలివేలమ్మ పెదవులు బిగించింది. కోడల్ని దగ్గరికి పిలిచింది.

“తాగితే ఆ గదిలోకి వెళ్ళాలి కదే అమ్మాయ్. ఆ తెలుపు మీద తడెక్కడుందో నా కంటికి ఆనదు, ఎక్కడ జారిపడతానో అని. వాడితో అనకు, ముచ్చటపడి వేయించాడు.”

మూడోనాటికి ఆవిడ పోయింది. కనకవల్లి ఆ మాట మొగుడికి ఇప్పటికీ చెప్పలేదు. ఆచార్యులుగారి దగ్గర మాత్రం ఒకసారి ఏడ్చింది.

ఆవిడ ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు కదా అని వరదయ్య గొణిగాడు.

“బండ అడిగింది కదయ్యా,” అన్నారు ఆచార్యులుగారు, పుస్తకానికి ముడి వేస్తూ. “మీ అమ్మగారు నిన్ను ఏమడిగారో, గుర్తుందా?”