దూలాలమ్మ తల్లి గుడిలోని తాటి దూలం

ఓడరేవు నుంచి ఉత్తరంగా మూడు మైళ్లు నడిస్తే ఎర్రమట్టి మెట్ట మీద దూలాలమ్మ తల్లి గుడి వస్తుంది. దీనికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. లోపల రాతి పలక మీద తల్లి రెండు చేతులూ బారచాపి, ఒక్కో చేతి మీద ఒక్కో బిడ్డను మోస్తూ ఉంటుంది. గుడి కప్పును మోసేది ఒకే ఒక తాటి దూలం. దాని మీద మోకులు ఒరిసిన గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వచ్చినవారు ముందు ఆ దూలానికి దండం పెట్టి, తరువాతే తల్లికి పెట్టాలి. తల్లి కోరిన వరుస అదే.

పూర్వం ఇక్కడ మెట్టను ఆనుకుని ఒక గెడ్డ పారేది. ఒక వేసవి చివర, నీరు ఇంకిన గెడ్డలో గౌరయ్య అనే కాపరి గొర్రె కాలు ఇసుకలో దిగబడింది. దాన్ని తీయబోయి తవ్వితే తల్లి ముఖం బయటపడింది. పలక మనిషి నిలువుకు మించిన పొడవు, మందం మాత్రం బెత్తెడే. ఈడ్చితే రాళ్లకు తగిలి పగులుతుంది. వదిలేస్తే వారంలో వచ్చే వరద మళ్లీ పూడ్చేస్తుంది.

అందుకని రేవులో ఓడలకు సరుకులెత్తే కళాసీల పెద్ద మైలపల్లి కొర్లయ్యను పిలిచారు. ఆయన చెయ్యి ఎత్తితే నలభై మంది ఒక్క ఊపున మోకు లాగేవారు. మహా మొండివాడు కూడా. గట్టున ఓడ గడలాగా తిరిగే పెద్ద గడ నాటించాడు. పలక రెండు కొసలకూ మోకులు కట్టి, గడ నుంచి వేలాడే ఒక్క కొక్కేనికి కలిపాడు.

"నా చేతిలో మోకు తెగిన రోజు లేదు," అన్నాడు.

పలక లేచీ లేవకముందే టక్కుమని చప్పుడైంది. తల్లి ఎడమ భుజం దగ్గర వెంట్రుకంత చీలిక. కొర్లయ్య వెంటనే దించేయమని చెయ్యి ఊపాడు.

"మోకు తెగలేదులే మావా, తల్లి భుజమే తెగేలాగుంది," అన్నాడు గౌరయ్య.

కొర్లయ్య ఇంకా లావు మోకు తెప్పించాడు. లావు మోకుకు చీలిక మరో అంగుళం పాకింది. మూడోసారి ఎత్తితే తల్లి రెండు ముక్కలవుతుందని ఆయనకు తెలుసు. తన చేతి మీదుగా బిడ్డ తల్లి నుంచి విడిపోతే ఇక మోకు ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టకుండా గడ నీడలో పడుకున్నాడు.

ఆ కునుకులో ఒక ముసలమ్మ కావడితో నీళ్లు మోసుకుంటూ వచ్చింది. "రెండు కుండలూ మెడకే కట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టుకుని పగిలిపోవట్రా? అందుకే మధ్యన బద్ద. నువ్వు మోకులు వాలుగా కట్టి నన్ను రెండు వైపుల నుంచీ నొక్కేస్తున్నావు. ఆ నొక్కుడు వేరే దేని మీదైనా పెట్టు," అని కుండలు దించకుండానే వెళ్లిపోయింది.

కొర్లయ్య లేచి తిన్నగా ఇంటికి నడిచాడు. పలకంత పొడవున్న గట్టి కర్ర చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అది ఆయన పూరింటి దూలం.

భార్య ఎర్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "వానలు నెత్తి మీదకొచ్చాక ఇంటి దూలం పీకుతానంటావేటి? పిల్లల్ని నీ తలపాగా కింద దాస్తావా?"

"తల్లి భుజం విరుగుతోందే."

ఎర్రమ్మ కాసేపు కప్పుకేసి చూసింది. తరువాత చూరులో దాచిన చేటలు, చాపలు ఒక్కొక్కటే కిందికి దించడం మొదలుపెట్టింది.

ఈసారి కొక్కెం నుంచి వచ్చిన వాలు మోకులు దూలం కొసలకు కట్టారు. దూలం పొడవునా నాలుగు మోకులు నిట్టనిలువుగా దిగి పలకను పట్టుకున్నాయి. ఆ నొక్కుడంతా దూలం మీద పడింది. జానెడు ఎత్తులో కొర్లయ్య చెయ్యి అడ్డంగా చాపి ఆపించాడు. ఎర్రమ్మ వంగి చీలిక మీద వేలు పెట్టి చివరిదాకా తడిమింది.

"నొప్పి లేదు. ఎత్తండి," అంది.

తల్లి గట్టెక్కింది. ఆ సాయంత్రమే వాన దిగింది. తల్లి తడవకూడదని ఆ దూలాన్నే ఎత్తి, తాటాకు కప్పు వేశారు. ఇల్లు లేని కొర్లయ్య సంసారం ఆ వానాకాలమంతా తల్లి పక్కనే వండుకుని తిన్నది. ఈ గుడి అలా పుట్టింది. దూలం తిరిగి ఇంటికి పోలేదు.

నేటికీ ఇక్కడ పూజ కొర్లయ్య ఇంటి పెద్ద కోడలిదే. చీలికలో రోజూ పసుపు నింపుతారు, సిమెంటుతో పూడ్చనివ్వరు. క్రేన్ల కళాసీలు కొక్కేనికీ బరువుకూ మధ్య కట్టే కొత్త ఇనుప దూలం కొంటే, పనిలో పెట్టే ముందు ఇక్కడికి తెస్తారు. దాన్ని కప్పీతో జానెడు ఎత్తి ఆపుతారు. పెద్ద కోడలు పొడవునా చేత్తో తడుముతుంది. అతుకులో చీలిక వేలికి తగిలితే, ఎంత పెద్ద కంపెనీది అయినా ఆ దూలం వెనక్కి పోవలసిందే. తగలకపోతే బొట్టు పెడుతుంది. అలా వెళ్లిన దూలం మోసిన బరువు క్షేమంగా దిగుతుందని, దాని కింద పనిచేసినవారు పొద్దుగూకేసరికి పిల్లల దగ్గరికి చేరతారని తల్లి మాట.

రేవులో ఏ బరువైనా జానెడు లేచి ఆగినప్పుడు, కళాసీలు దూరంగా నిలబడి చీలిక కోసం కళ్లతో వెతుకుతారు. ఏమీ కనబడకపోతే వారిలో పెద్దవాడు ఎర్రమ్మ మాటే అంటాడు.

"నొప్పి లేదు. ఎత్తండి."