తెల్లబట్టల మనిషి

"అయ్యగారూ, పిలుపు లేనివాడు సేవకు పనికొస్తాడా?"

ఫిలేమోను ఈ మాట అడిగింది సోమవారం ఉదయం, ప్రార్థన ముగిసి అందరూ టిఫినుకు వెళుతున్న వేళ. అడిగింది రెవరెండ్ దయాసాగరం గారిని. కాలవగట్టు వేదాంత కళాశాలలో ఆయన్ని ప్రశ్న అడగాలంటే విద్యార్థులకు కొంచెం జంకే. ఆయన కోప్పడతారని కాదు, జవాబు చెప్పరని. శ్రద్ధగా వింటారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, వేరే సంగతేదో మాట్లాడి వెళ్ళిపోతారు. నాలుగు రోజులకో నెలకో ఏదో ఒకటి జరుగుతుంది; అప్పుడు అడిగినవాడికి తన ప్రశ్న గుర్తుకొచ్చి చెవులు వేడెక్కుతాయి. ఒక్కోసారి ఏమీ జరగదు కూడా. అటువంటప్పుడు తమ ప్రశ్నే అంత గొప్పది కాదు కాబోలని సర్దుకుంటారు.

ఆ రోజు కూడా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మీ అక్క ఎప్పుడు వస్తోంది?"

"బుధవారం మధ్యాహ్నం బస్సుకండి."

"దిగగానే మా ఇంటికి తీసుకురా. టీ తాగి వెళుదురుగాని."

అంతే. ఫిలేమోను అక్కడే నిలబడిపోయాడు.

ఆ వారం బంధువుల వారం. ఏటా పరీక్షలకు ముందు, ఆఖరి సంవత్సరం విద్యార్థుల తల్లిదండ్రులూ తోబుట్టువులూ వచ్చి, ఆవరణలో ఉండి, మెస్సులో పిల్లలతో పాటు తిని, కూడికల్లో కూర్చుని వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక ఏ రోజు ఏముందో చదివి వినిపించే సహవాస కార్యదర్శి పని ఆ ఏడు ఫిలేమోనుది. గొంతు పెద్దదని ఇచ్చారు. మంగళవారం ఉపవాస ప్రార్థన, బుధవారం సాయంత్రం సాక్ష్యకూడిక, గురువారం ఆవరణ శుభ్రం చేయడం, శనివారం గ్రామ సందర్శన, ఆదివారం ప్రేమవిందు. ఆ ఉదయం బుధవారం దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్ద గొంతు కాస్తా పీలగా అయిపోయింది. "సాక్ష్యం చెప్పువారు, సహోదరుడు ఫిలేమోను" అని తన పేరు తనే చదువుకుని కూర్చున్నాడు.

సాక్ష్యమంటే తనకు దేవుని పిలుపు ఎప్పుడు, ఎలా వచ్చిందో నలుగురి ముందూ చెప్పడం. ఫిలేమోను మూడేళ్ళుగా వింటున్నాడు. ఆ ఆవరణలోకి మామూలుగా వచ్చి చేరినవాడు ఒక్కడూ ఉన్నట్టు లేడు. ఒకణ్ణి పాము కరిచి వదిలేసింది. ఒకడికి క్షయ వచ్చి ఒక్క ప్రార్థనతో పోయింది. ఫిలేమోను గదిలోనే ఉండే ఆమోసు చిన్నప్పుడు బావిలో పడ్డాడు. అడుగున వెలుగు కనబడిందట. మొదటి సంవత్సరం చెప్పినప్పుడు ఆ బావిలో నీళ్ళు నడుము లోతు. మూడో ఏటికి తాటిచెట్టంత అయ్యాయి. వినేవాళ్ళు మాత్రం లోతు కొలవకుండా ప్రతిసారీ కళ్ళు తుడుచుకున్నారు.

ఫిలేమోనుకు బావీ లేదు, పామూ లేదు. ఇంటరు పాసై ఊరికే కూర్చుంటే వాళ్ళ ఊరి పాస్టరు గారు వచ్చి, సీటొకటి ఖాళీగా ఉంది పంపుతావా అని అక్క సలోమిని అడిగారు. "వెళ్ళరా" అంది సలోమి. వచ్చాడు. అదీ అతని పిలుపు. చెప్పడం మొదలుపెడితే, వినేవాళ్ళు సర్దుకుని కూర్చునేలోపు అయిపోతుంది.

నవ్వులాటైతే పోయేది. ఈసారి ముందు వరసలో సంఘాల పెద్దలు ముగ్గురు కూర్చుంటారు. ఎవరికి ఏ ఊరి సంఘం అప్పగించాలో, ఎవరిని ఇంకో ఏడాది ఆపాలో ఆ సాక్ష్యం వినే తేలుస్తారు. రెండేళ్ళ కిందట ఒకతని పిలుపు స్పష్టంగా లేదన్నారు. అతనిప్పుడు ఇన్సూరెన్సు ఏజెంటు. మొన్నామధ్య కళాశాలకే పాలసీలు అమ్మడానికి వచ్చాడు. ఫిలేమోనుకు సంఘం వస్తే దానితో పాటు చిన్న ఇల్లు వస్తుంది. ఇల్లు వస్తే సలోమి రొయ్యల షెడ్డు మానేయవచ్చు. తల్లి పోయింది, తండ్రి ఉండీ లేనట్టే. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో రొయ్యలు వలిచి, వేళ్ళు నాని పాలిపోయిన ఆ చేతులతోనే తమ్ముణ్ణి ఇంతవాణ్ణి చేసింది. పెళ్ళి మాట ఎవరెత్తినా "వీడు ఒక ఒడ్డుకు చేరనీండి" అనేది. ఆ ఒడ్డు ఇంత దగ్గరికి వచ్చాక, చెప్పుకోదగ్గ కథ లేనందుకు తను మునిగిపోతాడేమోనని ఫిలేమోను భయం. దయాసాగరం గారిని ఆ ప్రశ్న అడిగింది అందుకే. ఆయనేమో టీకి రమ్మన్నారు.

మంగళవారం ఉపవాస ప్రార్థనలో, వెనక బెంచీలో, ఖాళీ కడుపుతో అతనొక సాక్ష్యం తయారు చేసుకున్నాడు. ఉపవాసం రోజున, అదీ మందిరంలో కూర్చుని అబద్ధం అల్లడం ఎంత తప్పో తెలియక కాదు. భయం అంతకంటే పెద్దదైంది. పూర్తిగా అబద్ధం కూడా కాదులే అని నచ్చజెప్పుకున్నాడు. పన్నెండో ఏట టైఫాయిడ్ వచ్చింది, నిజం. వారాల తరబడి తగ్గలేదు, నిజం. ఒక రాత్రి ఇక బతకడనుకున్నారు, నిజం. ఆ రాత్రి నుదుటి మీద చల్లని చెయ్యి పడింది, తెల్లవారేసరికి జ్వరం దిగింది, అదీ నిజమే. ఆ చెయ్యి ఎవరిదన్నది ఒక్కటే మార్చాడు. తలుపు తీసుకుని తెల్లబట్టల మనిషి ఒకాయన లోపలికి వచ్చి, తల దగ్గర కూర్చుని, నుదుటి మీద చెయ్యి వేసి, "నువ్వు నావాడివి" అని చెప్పి వెళ్ళిపోయాడు. మనసులో ఒకసారి చెప్పి చూసుకుంటే తనకే ఒళ్ళు జలదరించింది. బాగా కుదిరిందనుకున్నాడు. కాని ఆ పూట ఉపవాసం విడిచాక కూడా అన్నం సహించలేదు.

బుధవారం సలోమి ఎర్ర బస్సు దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో అయ్యగారి కోసం రొయ్యల పచ్చడి సీసా. తమ్ముణ్ణి చూడగానే "ఏరా, ఇలా చిక్కిపోయావేంటి? తింటన్నావా లేదా?" అని మొదలుపెట్టింది. దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఇతను ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఒక్క మాటా చెవికెక్కలేదు.

దయాసాగరం గారి వరండాలో అమ్మగారు టీ ఇచ్చారు. పచ్చడి సీసా మూత తీసి వాసన చూసి, బాగుందని మెచ్చుకుని లోపలికి పట్టుకెళ్ళారు. అయ్యగారు సలోమిని బస్సు గురించీ, ఊళ్ళో వానల గురించీ అడిగారు. ఉన్నట్టుండి ఇటు తిరిగారు.

"ఫిలేమోనూ, సాయంత్రం చెప్పబోయేది ఒకసారి ఇక్కడ చెప్పు. బయటివాళ్ళకు చెప్పేముందు ఇంటివాళ్ళకు చెప్పడం మంచిది."

ఫిలేమోను గ్లాసు కింద పెట్టాడు. అక్క వింటుందన్న సంగతి అతనికి తట్టకపోలేదు. కాని ఆడవాళ్ళ వైపు ఎక్కడో వెనక కూర్చుంటుంది, సగం వినబడదు అని సరిపెట్టుకున్నాడు.

"సాయంత్రానికి గొంతు దాచుకుంటానండి" అన్నాడు.

"నీ గొంతుకేం భయం లేదు" అన్నారు అయ్యగారు.

"చెప్పరా" అంది సలోమి సంబరంగా, చాప మీద సర్దుకుని కూర్చుంటూ. "నాకు తెలీనిది ఏముందిలే అందులో."

ఇక తప్పించుకునే దారి లేదు. నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. జ్వరం సంగతి చెబుతుంటే సలోమి తల ఊపుతూ వింది. బతకడనుకున్న రాత్రి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు తీసుకుని తెల్లబట్టల మనిషి లోపలికి వచ్చేసరికి ఆ తల ఊపడం ఆగిపోయింది. ఫిలేమోను గబగబా ముగించాడు.

"ఆ రాత్రేనా?" అంది సలోమి నెమ్మదిగా.

"ఆ... అవునక్కా."

"నీ పక్కనే ఉన్నాను గదరా నేను. తడిగుడ్డ మార్చుకుంటా కూర్చున్నాను. పడుకోలేదే." ఆవిడ నుదురు ముడిపడింది. ఎప్పటి రాత్రో మళ్ళీ గుర్తు చేసుకుంటున్నట్టుంది. "లేదులే. ఒక కునుకు పట్టే ఉంటాది. ఆ కాసేపట్లోనే వచ్చుంటాడాయన."

ఫిలేమోను గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

సలోమి అయ్యగారి వైపు తిరిగింది. "అయ్యగారండీ, ఆయనంతటాయన గుమ్మంలోకొస్తే నాకు మెలకువ రాలేదంటే, నాలో ఏదో లోపం ఉన్నట్టే కదండీ?"

"నాకు తెలియదమ్మా" అన్నారు దయాసాగరం గారు. "ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్నది మీరిద్దరే."

అంటూ ఆయన ఫిలేమోను వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని ఫిలేమోనుకు అనిపించింది. సలోమి కొంగుతో కళ్ళు ఒత్తుకుని నవ్వబోయింది. "పోనీలెండి. నాకు కనపడకపోతే ఏంటి, వీడికి కనపడ్డాడు. అంతే చాలు" అంది. తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. అతనికి ప్రాణం చచ్చిపోయినట్టయింది. అక్కా, అని పిలవబోతుండగానే మందిరం గంట మోగింది. ఆమోసు పరుగెత్తుకుంటూ వచ్చి, పెద్దలు వచ్చేశారంటూ అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

మందిరం నిండిపోయింది. ముందు వరసలో ముగ్గురు పెద్దలు. వారిలో ముఖ్యులు సీమోను గారు, హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చూస్తుంటే ఎవరికైనా ఎక్కం తప్పినట్టే ఉంటుంది. పాట అయింది, ప్రార్థన అయింది. ఫిలేమోను లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు, స్తంభం పక్కన, కొంగు తల మీద కప్పుకుని సలోమి కనబడింది. పెదవులు కదులుతున్నాయి. తమ్ముడి నోట మాట తడబడకూడదని ప్రార్థన చేస్తోంది.

జ్వరం వచ్చిందని చెప్పాడు. వారాల తరబడి తగ్గలేదని చెప్పాడు. ఇక బతకడనుకున్న రాత్రి గురించి చెప్పాడు. జనం ముందుకు వంగారు; ఇటువంటి చోట తలుపు తెరుచుకుంటుందని వాళ్ళకు అలవాటే. రొయ్యల షెడ్డూ, చిన్న ఇల్లూ, ఇన్సూరెన్సు ఏజెంటూ అన్నీ ఒక్కసారే ఫిలేమోను కళ్ళ ముందు తిరిగాయి. ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే సీమోను గారు తలెత్తి చూశారు.

"ఆ రాత్రి మా ఇంటికి ఎవరూ రాలేదండి" అన్నాడు. "మా అక్క ఉంది. తడిగుడ్డ వేసింది ఆవిడే, చెయ్యి వేసింది ఆవిడే. నన్ను చూసుకోవడానికని ఆ ఏడు పదో తరగతి పరీక్షలు కూడా రాయలేదు. ఇందాక ఆవిడకు నేను వేరేగా చెప్పాను. అది నేను కల్పించింది." అతని పెద్ద గొంతు అప్పుడు మందిరమంతా వినబడింది. "అక్కా, నువ్వు నిద్రపోలేదు."

సలోమి తల వంచేసుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు ఆవిడ వైపు తిరిగి చూశారు.

సీమోను గారు గొంతు సవరించుకున్నారు. "సరే బాబూ. బాగానే ఉంది. మరి నీ పిలుపు?"

"నాకు తెలియదండి."

పెద్దలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో అనుకున్నారు. "ఈ అబ్బాయి సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు సీమోను గారు, దయగానే. ఆ మాటకు అర్థమేమిటో అక్కడున్న విద్యార్థులందరికీ తెలుసు. ఆమోసు తల దించుకుని తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

తర్వాత మెస్సులో భోజనాలు. సలోమి తమ్ముడి కంచంలో కూర వేస్తూ, "ఆ మాటేదో వరండాలోనే చెప్పొచ్చు గదరా, ఇంతమంది ముందర నన్ను లాగావు" అని కసురుకుంది. అంతలోనే ఇంకో గరిటె వేసింది. "ఇల్లు ఈ ఏడు కాకపోతే పై ఏడు వస్తాది. ముందు తిను" అంది. అతను తినలేకపోయాడు. ఏడాది పాటు ఆ చేతులు మళ్ళీ ఐసు నీళ్ళలోనే నానాలి. అది తలుచుకుంటే చెప్పిన నిజం కూడా గొంతుకు అడ్డం పడుతోంది.

చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి దయాసాగరం గారు మెస్సు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఫిలేమోను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"అయ్యగారూ, పిలుపు లేదని ఒప్పుకున్నాను. పెద్దలు ఆపేస్తారు. అది సరే. సోమవారం నేనడిగినదానికి మాత్రం మీరు ఇంకా ఏమీ చెప్పలేదు" అన్నాడు. అతని గొంతులో కాస్త నిష్ఠూరం ఉంది.

లోపల ఎవరి పిల్లవాడికో పొలమారింది. తల్లి నీళ్ళ కోసం అటూ ఇటూ చూస్తోంది. సగం తిన్న కంచం వదిలేసి సలోమి అప్పటికే లేచింది. ఎంగిలి చెయ్యి ఎడంగా పెట్టుకుని, ఎడమచేత్తో వాడి నడినెత్తిన తడుతూ, "ఏం లేదమ్మా, ఏం లేదు" అంటోంది. పిల్లవాడు ఊపిరి పీల్చుకుని ఏడుపు లంకించుకున్నాడు.

దయాసాగరం గారు కళ్ళజోడు తీసి, తుడవకుండా చేతిలోనే పట్టుకున్నారు.

"మీ అక్కకు పిలుపు ఎప్పుడు వచ్చిందో తీరిక చూసుకుని అడుగు" అన్నారు. "నాక్కూడా చెప్పు."