నక్క గుమ్మానికి పీటముడి

బూరుగు కాయలు పగిలి దూది వదిలే రోజులవి. గాలి ఉందో లేదో తెలిసేది కాదు. ఆ పాటి గాలికే దూది పింజలు తేలుతూ, తూగుతూ, నిద్రలో ఎవరో నవ్వుకున్నట్టు అటూ ఇటూ పోయేవి. వాగు ఎప్పుడో ఎండిపోయింది. అయినా మిట్టమధ్యాహ్నం దూరం నుంచి చూస్తే ఇసుక మీద నీళ్ళు పారుతున్నట్టే ఉండేది. ఆ వాగు గట్టున వరసగా నాలుగు తాటాకు పాకలు. ముసలి ఎద్దుదొకటి, కోడిపెట్టదొకటి, మేకదొకటి, చివరిది నక్కది.

ఎండలు ముదిరాయని ఎద్దు అందర్నీ కళ్ళం దగ్గరికి పిలిచింది. నెమరు వేసుకుంటూ నిదానంగా చెప్పింది.

"ఇల్లు కాలాక బావి తవ్వి లాభం లేదు. గుమ్మం పక్కన కడవ నిండా నీళ్ళు, గంపెడు ఇసుక పెట్టుకోండి. పొద్దున్నే కప్పు మీద దూది దులపండి. పొయ్యి ఆరిందిలే అనుకోవద్దు, నీళ్ళు చిలకరించండి. తలుపు తడికకి జారుముడే వెయ్యండి, లోపల్నించి ఒక్క లాగుకి ఊడిరావాలి. వేపకొమ్మకి పాత నాగటి కర్రు కట్టాను. పొగ చూసినవాళ్ళు దాన్ని కొట్టాలి. అది మోగితే ఎక్కడి పని అక్కడ వదిలేసి ఇక్కడికి రావాలి. నేను తలలు లెక్కపెడతాను."

"నాలుగు తలలకి లెక్కెందుకు మావా?" అంది మేక.

"నాలుగే కదా అనుకున్నప్పుడే ఒకటి మర్చిపోతాం, కోడలు పిల్లా."

కోడిపెట్ట ముందుకి రాకుండా వెనకే నిలబడి అంది: "పదకొండు గుడ్లు పొదుగుతున్నాను మావా. ఇంక నాలుగు రోజులే. వాటినొదిలి రమ్మంటే నేను రాను. వాటితోపాటే పోతాను."

పోయినేడు దాని గుడ్లు ఒక్కటీ పిల్ల కాలేదు. ఎవరో ఎత్తుకుపోయారు. ఎవరో అందరికీ తెలుసు, పట్టుకున్నవాళ్ళే లేరు.

ఎద్దు కాసేపు నమిలింది. "గడ్డి మీద కాదు, గంపలో పెట్టుకుని పొదుగు. గంపకి తాడుతో చెవి కడతాను. కర్రు మోగగానే వచ్చి కొమ్ముకి తగిలించుకుంటాను. నువ్వు గుడ్ల మీదే కూర్చో, పల్లకీలో పెళ్ళికూతురిలాగా."

నక్క పొట్ట పట్టుకు నవ్వింది. "మావకి వడదెబ్బ తగిలింది! నా కప్పు మీద దూది మెత్తగా పరుపులా ఉంది, నేను దులపను. జారుముడి అసలే వెయ్యను. దొంగలు పడితేనో?"

"ఈ గట్టున నువ్వు కాక ఇంకో దొంగెవరు బావా?"

"అందుకే మేకమ్మా, దొంగ సంగతి నాకే తెలుసు! నాది పీటముడే."

ఎద్దు రెండుసార్లు కర్రు మోగించి అందరిచేతా అలాగే చేయించి చూసింది. మొదటిసారి గంప ఊగి కోడిపెట్టకి కళ్ళు తిరిగాయి. మేక నోట్లో ఉన్న ఆకు అయ్యేదాకా కదల్లేదు. రెండోసారి బాగా కుదిరింది. నక్క ఒక్కసారీ రాలేదు, నిద్రపోయింది.

నిద్రపోతూనే ఎత్తు వేసింది. 'పొగ కనబడితే చాలు, పెట్ట గుడ్లొదిలి పరిగెడుతుంది. కంగారులో గంపలూ చెవులూ ఎవరికి గుర్తుంటాయి?'

మర్నాడు మధ్యాహ్నం. లోకమంతా కునుకు తీస్తోంది. వాగు పొంగి కాళ్ళు తడుపుతున్నట్టు ఎద్దుకి కల. నక్క పగిలిన కుండలో నాలుగు నిప్పులు వేసి, బూడిద కప్పి, పైన పచ్చిగడ్డి పెట్టి, కోడిపెట్ట పాక వెనక దించింది. "పొగే కదా, మంటా ఏమన్నానా" అనుకుంది. వెళ్ళి కర్రు మీద రాయితో కొట్టింది.

ఎద్దు కలలోంచే లేచినట్టు లేచింది. గంప కొమ్మెక్కింది. మేక ఆకు ఉమ్మేసి వచ్చింది. నక్క చాటుగా చుట్టూ తిరిగొచ్చి కోడిపెట్ట పాకలో దూరేసరికి లోపల ఒక ఈక, ఇంకా చల్లారని వెచ్చదనం, అంతే. ఉసూరుమని తన పాకలోకి పోయి, ఏమీ ఎరగనట్టు పడుకుందామని తడికకి పీటముడి మీద పీటముడి వేసుకుంది.

ఇటు కుండ మీద గడ్డి మాడి, బూడిద చెదిరి, నిప్పులు పైకొచ్చాయి. ఒక దూది పింజ ఏమీ తోచనట్టు వచ్చి దాని మీద వాలింది. ఎర్రగా వెలిగి లేచింది. మిణుగురు పురుగు పగలే దారి తప్పిందా అన్నట్టు కోడిపెట్ట కప్పు మీదికి వెళ్ళింది. అక్కడ దూది లేదు. జారి, తేలి, నక్క కప్పు మీది పరుపు మీద కూర్చుంది.

కళ్ళంలో ఎద్దు లెక్కపెట్టింది. "ఒకటి, రెండు, నాతో మూడు." ఆగింది. అప్పుడే నక్క పాక భగ్గుమంది.

"కాలనీ మావా, పీడ పోతుంది," అంది మేక.

కోడిపెట్ట గంపలోంచి తల ఎత్తింది. "లెక్క తక్కువైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పోనీయొద్దు."

పరిగెత్తారు. లోపల్నించి ఒకటే అరుపు: "ఊడట్లేదు! లాగేకొద్దీ బిగుస్తోంది!"

"ఎన్ని ముళ్ళు వేశావురా?"

"ఏడు మావా!"

"నేల మీద బోర్లా పడుకో! పొగ పైన ఉంటుంది, కింద ఊపిరాడుతుంది!" అని ఎద్దు నక్క గుమ్మం పక్క కడవ చూసింది. అందులో సాలెగూడు. తన కడవ తెచ్చి కుమ్మరించింది, కాళ్ళతో ఇసుక చిమ్మింది. మేక తాడు పటపట కొరికింది. ఏడో ముడి తెగగానే నక్క పాక్కుంటూ బయటపడింది. తోకకి కుచ్చు లేదు.

ఊపిరి తీసుకుని మళ్ళీ లోపలికి దూకబోయింది. ఎద్దు కొమ్ము అడ్డం పెట్టింది. "బయటపడ్డాక వెనక్కి పోకూడదు. అంతగా ఏముందక్కడ?"

"నా కోడి ఈకల పరుపు మావా!"

కోడిపెట్ట పాక వెనక కుండ ఇంకా సన్నగా పొగ విడుస్తోంది. దానివంక ఒకసారి, నక్క వంక ఒకసారి చూసి, కోడిపెట్ట మళ్ళీ గుడ్ల మీద సర్దుకు కూర్చుంది.

నాలుగో రోజు పిల్లలు లేచాయి. గాల్లో దూది, నేల మీద పిల్లలు. ఏది పింజో ఏది పిల్లో తెలియకుండా కళ్ళమంతా తెల్లగా కదులుతోంది. ఒక మూల మొండితోక నక్క తల దించుకుని జారుముడి నేర్చుకుంటోంది. తప్పు వేసినప్పుడల్లా కోడిపెట్ట ముక్కుతో ఒక పోటు పొడుస్తోంది.

ఎద్దు సగం నిద్రలో లెక్కపెట్టింది. "పదిహేను."

నీతి: పరాయి ఇంటికి పెట్టిన పొగ మన కప్పే వెతుక్కుంటుంది, బయటికొచ్చే దారి ముందే చూసుకున్న ఇల్లే ఇల్లు.