సుంకక్క బీరపాదు

అనగనగా అంటే ఎన్నాళ్ల కిందటో నన్నడక్కండి. ఊరంతటికీ ఒకే బావి ఉన్న కాలమది.

ఆ ఊళ్లో సుంకక్క ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. గుడిసె వెనక నాలుగు వంగమొక్కలు, గుప్పెడు కొత్తిమీర, పందిరి మీద బీరతీగ. ఆ కూరగాయల తట్ట నెత్తికెత్తుకుంటేనే ఆమె పొయ్యి వెలిగేది. నోరంటారా, పొలిమేర దాకా వినపడేది.

ఒక ఏడు ఉగాది పోయీ పోగానే బావి అడుగంటింది. ఊరిపెద్ద పెద్దరెడ్డి దండోరా వేయించాడు. నీళ్లు మనుషులకూ గొడ్లకూ మాత్రమే. పాదులకు చుక్క పోయరాదు.

"చెట్లకు నోరు లేదనే కదా రెడ్డీ!" అంది సుంకక్క.

"వాటి నోరు కూడా నీకే ఉందిలే," అన్నాడు రెడ్డి. అందరూ నవ్వారు.

బీరతీగ ఆకులు వేలాడేసింది. సుంకక్క అంచు పగిలిన బాన చంకనేసుకుని బయలుదేరింది.

మొదటి ఇంట్లో కోడలు అంట్లు తోమిన నీళ్లు పారబోయబోతోంది. "ఆగవే! వీధికేం దాహమా? నా బానలో పొయ్యి."

రెండో ఇంట్లో ముసలమ్మ మనవడికి నీళ్లు పోస్తోంది. "ఆగత్తా! వీధికేం దాహమా? కాళ్ల కింద ఈ బాన పెట్టు."

మూడోది పెద్దరెడ్డి ఇల్లే. చుట్టాలు దిగి కాళ్లు కడుక్కుంటున్నారు. "ఆగండయ్యా! వీధికేం దాహమా?" అంటూ బాన ముందుకు తోసింది.

రెడ్డి మొహం కందగడ్డయింది. "కాళ్లు కడిగిన నీళ్లతో కాసిన కాయ ఎవడు తింటాడే? ఇక నీ తట్ట దించేవాడుండడు పో!"

అన్నట్టే ఎవరూ దించలేదు. సుంకక్క తన కాయలు తానే ఉడకేసుకు తింది. నీళ్లు మోయడం మాత్రం మానలేదు. పాదు పక్కన కూచుని ఎవరికీ వినపడకుండా ఏడ్చింది. ఏడవడానికి మాత్రం ఆమెకు గొంతు లేదు.

ఎండలు ముదిరాయి. ఊళ్లో పాదులన్నీ మాడాయి. మిగిలిన ఒకటీ అరా కాయలు నీళ్లు చాలక చేదెక్కాయి. సుంకక్క పందిరి ఒక్కటే పొద్దుగూకితే పచ్చటి పూలతో వెలిగిపోయేది.

అప్పుడే రెడ్డి తల్లి జ్వరం పడి లేచింది. ఏం పెట్టినా నోటికి సయించడంలేదు. బీరకాయ కూరుంటే ఒక ముద్ద తింటానంది.

రెడ్డి గుడిసె ముందు నిలబడ్డాడు. "సుంకక్కా, అమ్మకు రెండు కాయలు..."

సుంకక్క చెంబుతో నీళ్లిచ్చింది. "ముందు కాళ్లు కడుక్కో. ఇక్కడ కాదు. అదిగో, పాదులో."

రెడ్డి చెంబుకేసి చూశాడు. తీగకేసి చూశాడు. చెప్పులు విడిచి పాదులో కాళ్లు కడిగాడు. సుంకక్క రెండు కాదు, మూడు కాయలు కోసిచ్చింది.

ఆ ముసలామె తిని లేచి కూచుంది. తెల్లారేసరికి ఊరి ఆడవాళ్లంతా అంట్లు కడిగిన నీళ్లతో సుంకక్క వాకిట్లో ఉన్నారు.

సుంకక్క ఎప్పుడు పోయిందో చెప్పేవాళ్లు లేరు. ఆమె పోయాక తిట్టే గొంతు లేక ఊరు బోసిపోయిందని మాత్రం చెప్పుకుంటారు.

ఇప్పుడు ఇంటింటికీ కొళాయి. తిప్పితే నీళ్లు. అవెటు పోతున్నాయో చూసే తీరిక ఎవరికీ లేదు. ఆ ఊళ్లో మాత్రం తిన్న చెయ్యి కడగాలంటే ఈనాటికీ బీరపాదు దగ్గరికే పోవాలి. ఏమరుపాటున వీధిలో చెంబు వొంపారా, పాలపళ్లు ఊడని పిల్ల కూడా నడుం మీద చెయ్యేసుకుని గదమాయిస్తుంది.

"ఆగు! వీధికేం దాహమా?"