పగడానికి రాత్రి ఇచ్చిన సుంకమ్మ

ఇటు జరుగు బంగారూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. కథ మధ్యలో మంచినీళ్ళంటే మాత్రం లేచేది లేదు, ఇప్పుడే తాగెయ్. తాగావా? సరే, ఇక ఊఁ కొట్టు.

అనగా అనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒంటికి పట్టే చెమట తప్ప వేరే ఉప్పునీళ్ళు ఎవరూ చూసెరగరు. సముద్రం అక్కడికి అంత దూరం. ఆదోని అంటారు ఆ ఊరిని. ఎండాకాలం వచ్చిందంటే అక్కడ గోడమీద చెయ్యి వెయ్యలేం.

ఆ ఊళ్ళో ఒక ఒంటిగది ఇంట్లో ముగ్గురుండేవాళ్ళు. ఈరన్న, అతని భార్య సుంకమ్మ, అతని తల్లి బసమ్మ. ఈరన్న పత్తి మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడింది. అప్పుడతను విశాఖపట్నం పోయి ఓడల్లో పని నేర్చుకున్నాడు. అక్కడ కనకమహాలక్ష్మి అనే పెద్దావిడ ఇంట్లో అద్దెకుండేవాడు. ఆవిడ హాల్లో ఒక పెద్ద గాజుతొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో పగడాలు.

ఏమిటీ? పగడమంటే నా ఉంగరంలో ఎర్రరాయి కాదా అంటావా? ఇది చచ్చిపోయిన పగడం ఎముక రా. నేను చెప్పేది బతికున్న పగడం. చూస్తే రాయిలా ఉంటుంది, పువ్వులా కూడా ఉంటుంది. కానీ అది రాయీ కాదు, పువ్వూ కాదు, ప్రాణి. దానికి నోళ్ళుంటాయి. నీకున్నంత పెద్ద నోరు కాదులే.

ఈరన్న ఆ తొట్టి ముందు కూర్చుని పొద్దుపుచ్చేవాడు. ఇంటికి సెలవు మీద వచ్చినప్పుడు తనూ ఒక తొట్టి కట్టాడు. నీళ్ళు తిరగడానికి మోటారు పెట్టాడు, పైన లైటు బిగించాడు, నీళ్ళు కుదురుకునేదాకా ఓపిగ్గా ఆగాడు. మళ్ళీ విశాఖపట్నం పోయాక ఓడ ప్రయాణం ఖాయమైంది. అప్పుడా పెద్దావిడ తన పగడం నుంచి ఒక ముక్క తుంచి ఇచ్చింది. మనం కరివేపాకు మొక్క ఇచ్చిపుచ్చుకోమూ, అలాగన్నమాట. కుంకుమ భరిణె అంత ముక్క. ఒళ్ళంతా చిలకపచ్చ, నోళ్ళ చుట్టూ నారింజ రంగు.

"మీ ఆడమనిషికియ్యి బాబూ. నువ్వు ఓడెక్కీసినా ఇంట్లో కూసింత సముద్రం ఉంటాది" అంది ఆవిడ.

ఈరన్న దాన్ని నీళ్ళసంచిలో పెట్టి, ఒళ్ళో పట్టుకుని రైల్లో తెచ్చాడు. తొట్టిలో రాయి మీద కుదిర్చాడు. ఆ తర్వాత సుంకమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు.

"సుంకీ, బాగా ఇను. నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పొయ్యల్ల. నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పు యాడికీ పోదు. తిండి చిటికెడే. పొద్దుగూకినాక లైటు తీసెయ్యల్ల. ఇంక ఏడుపొస్తే తొట్టికి దూరంగా ఏడువు, ఉప్పెక్కువైతాది."

సుంకమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మర్నాడు ఈరన్న వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి సుంకమ్మకి బెంగ పట్టుకుంది. బెంగంటే నీకు తెలుసు కదా? అన్నం ముద్ద గొంతులో అడ్డంపడ్డట్టు ఉంటుంది, నీళ్ళు తాగినా దిగదు. పొద్దున్నే లేచి ఆ తొట్టి దగ్గర కూర్చునేది. ఆయన ముట్టుకున్న రాయి, ఆయన పోసిన నీళ్ళు. వేరే ఏముంది చూసుకోవడానికి?

ఇంట్లో ఉన్నది ఒకటే ఫ్యాను. ఆ ఫ్యానుని తొట్టి వైపు తిప్పేసింది.

"మే సుంకమ్మా! మనం మనుషులం కాదా? ఆ రాయికా గాలి?" అని బసమ్మ కొంగుతో విసురుకుంటూ అరిచేది.

"అది సముద్రంలో పుట్టింది గదత్తా. ఈ ఎండకి ఉడికిపోతాది."

అత్తాకోడళ్ళు చెమటలు కక్కుతూ పడుకుంటే పగడం మాత్రం హాయిగా గాలి తగిలించుకునేది. అంత వైభోగం దానికి.

దసరాకి వస్తానన్నాడు ఈరన్న. దసరా దగ్గరికొచ్చింది. అప్పుడు ఫోను చేశాడు. ఓడ ఇంకో రేవుకి పోతోందట, రాలేడట. సుంకమ్మ ఫోను పెట్టేసి తొట్టి చూసింది. నీళ్ళు తగ్గి ఉన్నాయి. సముద్రమంటే ఉప్పే కదా, ఆయనున్న నీళ్ళలాగే ఉండాలి అనుకుంది. మొగుడు చెప్పిన మాట గాలికి పోయింది. నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళే కలిపి పోసింది. పగడం ముడుచుకుపోయి బిగుసుకుంది. వేలు ముంచి నాలిక్కి రాసుకుంటే ఏముంది, ఉప్పు కషాయం! అప్పుడు గబగబా మంచినీళ్ళ క్యాను తెప్పించి, కాస్త తీసి కాస్త పోసి, కాస్త తీసి కాస్త పోసి దారికి తెచ్చింది.

ఆ తర్వాత ఉగాదికి వస్తానన్నాడు. సుంకమ్మ ఓళిగలు, అంటే మన బొబ్బట్లే, చేసి పెట్టింది. ఈరన్న రాలేదు. ఓళిగ తుంచి నోట్లో పెట్టుకోబోతే మనసొప్పలేదు. ఆయన తిన్నాడో లేదో, ఏం తింటున్నాడో. అప్పట్నుంచి తను అన్నానికి కూర్చున్నప్పుడల్లా ముందు పగడానికి తిండి వేసేది. పూటపూటకీ, దోసెడు దోసెడు. ఇంకేం, నీళ్ళు కుళ్ళిపోయి వాసన కొట్టాయి. రాళ్ళమీద పచ్చగా పాచి పట్టింది. బసమ్మ ముక్కు మూసుకుని తిడుతూనే బకెట్లు మోసింది. సుంకమ్మ పాత పళ్ళ బ్రష్షుతో రాళ్ళు తోమింది. పగడం ఎలాగో బతికి బయటపడింది.

పెట్టడం కూడా ఎక్కువ కాకూడదు రా. మీ అమ్మకి నేను పెట్టిన నెయ్యి సంగతి ఇంకోసారి చెబుతాను.

మూడోసారి, వానలు పడేలోపల వస్తానన్నాడు. వానలు పడ్డాయి. ఈరన్న రాలేదు. ఈసారి ఫోనూ రాలేదు. వీళ్ళు చేస్తే పోలేదు. ఓడల ఆఫీసుకి చేస్తే, ఓడ దూరంగా ఉందమ్మా, సిగ్నలుండదు అన్నారు. మళ్ళీ చేసినా అదే మాట.

బసమ్మ తిట్టడం మానేసింది. దానికే సుంకమ్మకి ఎక్కువ భయం వేసింది.

ఒక శుక్రవారం బసమ్మ తలస్నానం చేసి వచ్చి, "నా కొడుకు గడప తొక్కేదాకా ఈ ఇంట్లో దీపం కొండెక్కకూడదు" అని మొక్కుకుంది. ప్రమిదలో నూనె పోసి వెలిగించింది. ఫ్యాను గాలికి రెపరెపలాడి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ పోయింది. ఫ్యాను కట్టేస్తే పగడం ఉడికిపోతుంది. తిప్పితే దీపం నిలవదు. ఏం చేస్తారు పాపం?

అప్పుడు సుంకమ్మ తొట్టిమీద లైటు చూపించింది. "అత్తా, దీనికి గాలి దెబ్బ లేదు. ఆయన చేత్తో పెట్టిన దీపం. ఇదే మన దీపం."

బసమ్మకి ఆ మాట నచ్చింది. తొట్టి గాజుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకున్నారు. ఆ లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది. కరెంటు పోతే బ్యాటరీ మీద వెలిగేది. గదిలో ఇంకో లైటు అవసరం కూడా లేకపోయింది. ఇద్దరూ దాన్ని చూసుకుంటూ ధైర్యం చెప్పుకునేవాళ్ళు. అది వెలుగుతున్నంతసేపూ ఈరన్న బతికే ఉన్నాడని వాళ్ళ నమ్మకం.

కానీ పగడం పాలిపోవడం మొదలుపెట్టింది. మొదట నారింజ రంగు పోయింది. ఆ తర్వాత చిలకపచ్చ పోయింది. ఆఖరికి తెల్లగా, సున్నం కొట్టినట్టయిపోయింది. సుంకమ్మ వెంటనే విశాఖపట్నం పెద్దావిడకి ఫోను చేసింది.

"ఏటైనాదమ్మా? ఉప్పు సూసినావా? నీళ్ళ ఏడి సూసినావా?"

"అన్నీ సరిగుండాయమ్మా."

"లైటెంతసేపు ఎలిగిస్తన్నావు?"

"ఆర్పడం లేదమ్మా. మొక్కు."

అవతల ఆవిడ మెల్లిగా చెప్పింది. "గాబరా పడకు. తెల్లబడిపోతే సచ్చిపోయినట్టు కాదు. దానికి రాత్రి ఇయ్యమ్మా."

అదేమిటో చెబుతాను విను. పగడం ఒంట్లో మన కంటికి కనపడనంత చిన్న వంటవాళ్ళుంటారు. వెలుగు పడితే వాళ్ళు వంట మొదలుపెడతారు. వాళ్ళ వంటే పగడానికి భోజనం, వాళ్ళ రంగే పగడానికి రంగు. చీకటి పడితే పొయ్యి కట్టేసి పడుకోవాలి కదా? పడుకోనివ్వకుండా వండించావనుకో, ఎవరుంటారు? మూటా ముల్లే సర్దుకుని వెళ్ళిపోతారు. అప్పుడు ఇల్లు ఖాళీ. పగడం బతికే ఉంటుంది, వాళ్ళకోసం చూస్తూ ఉంటుంది. చాలాకాలం రాకపోతే ఇక ఉండలేదు.

సుంకమ్మ ఈ సంగతి అత్తకి చెప్పింది. బసమ్మ ఇంతెత్తున లేచింది.

"నా కొడుకు పానం కంటే నీకా రాయి ఎక్కువైందా? ఆ సుచ్చి మీద చెయ్యి పెడితే నీకూ నాకూ మాటల్లేవు!"

సుంకమ్మ చెయ్యి పెట్టలేదు. అత్తకి భయపడి కాదు. తనకీ లోపల అదే భయం. లైటు తీస్తే ఆయనకేమైనా అయితే? తియ్యకపోతే ఆయన తెచ్చి ఇచ్చిన ప్రాణం కళ్ళముందే పోతోంది. అటా ఇటా తేల్చుకోలేక, అన్నం వండి తినకుండా, తొట్టి ముందే కూర్చుంది. రోజులు గడిచాయి. పగడం అంచున ఒకచోట తోలు ఊడి ఎముక బయటపడింది.

ఒకనాడు సందెవేళ బసమ్మ వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఆ తెల్లటి ముక్కని చాలాసేపు చూసింది.

"ఇది ఎప్పుట్నుంచి నిద్ర లేకుండా ఉండాది మే?"

"మనం మొక్కుకున్న కాణ్ణించి అత్తా."

బసమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఈరన్నకి చిన్నప్పుడు జొరమొస్తే, నిద్ర పట్టినాకే నాకు పానం కుదుటపడేది. ఇప్పుడు వాడు యాడుండాడో, వాణ్ణి పనుకోనిస్తాండారో లేదో. ఇంకోదాని నిద్ర చెరిపి నా బిడ్డకి మేలు చెయ్యమని ఆ సామిని ఎట్లడిగినానో నేను." లేచి నిలబడింది. "ఆర్పుతాండామనొద్దు. కొండెక్కిస్తాండాం." ఆ మాట అని, దణ్ణం పెట్టుకుని, తనే స్విచ్చి నొక్కింది.

ఇల్లంతా చీకటైపోయింది. సుంకమ్మ అంతకాలం ఆపుకున్నదంతా అప్పుడు ఏడ్చింది. చీకట్లో ఎవరూ చూడరు కదా, బసమ్మా ఏడ్చింది. ఈరన్న కోసం చచ్చేంత బెంగగా ఉందని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. వెలుగున్నన్నాళ్ళూ ఆ మాట పైకి అనలేదు వాళ్ళు.

కాసేపటికి కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. కిటికీలోంచి వీధిస్తంభం వెలుతురు కొంచెం తొట్టి మీద పడుతోంది. అప్పుడు చూశారు. పగడం విచ్చుకుంది! నోళ్ళ చుట్టూ సన్నసన్నటి చేతులు, ఎన్నో చేతులు, నీళ్ళలోకి చాపి అటూ ఇటూ తడుముతోంది. దానికి ఆకలేస్తోంది. అది చేతులు చాపి తినేది చీకట్లోనే. ఆ సంగతి తెలీక సుంకమ్మ పట్టపగలు దోసెళ్ళు పోసింది, చూశావా!

సుంకమ్మ ఒక్క చిటికెడు తిండి జారవిడిచింది. ఆ చేతులు అందుకున్నాయి.

అప్పట్నుంచి పొద్దెక్కితే వెలుగు, పొద్దుగూకితే గదిలో ఇంకో లైటు కూడా వెయ్యకుండా చీకటి. వానలు వెనక్కి తగ్గాయి, చలి వచ్చింది. ఒకనాడు ఒక నోటి చుట్టూ లేత పచ్చ కనపడింది. వెళ్ళిన వంటవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారన్నమాట. చలి పోయేసరికి ముక్కంతా చిలకపచ్చ అయింది. ఊడిన అంచు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈరన్న కబురు మాత్రం లేదు. సుంకమ్మ రోజూ సందెవేళ లైటు తీసి, గడప మీద కూర్చుని వీధి చివరిదాకా చూసేది. ఆ చూపు చూస్తే నీక్కూడా ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం అలాగే లైటు తీసి కూర్చుంది. వీధిలో అడుగుల చప్పుడైంది. సంచి భుజాన వేసుకుని ఒక మనిషి గుమ్మం ముందు ఆగాడు.

"ఏమ్మా, ఇంట్లో దీపం లేదేమి?"

ఆ గొంతు! బసమ్మ పరిగెత్తుకొచ్చి కొడుకు మొహం రెండు చేతులతో తడిమింది. "బక్కచిక్కినావు కదరా" అంటూ బావురుమంది. ఓడ ఎక్కడో దూరదేశపు రేవులో మరమ్మతుకి ఆగిపోయిందట, ఫోనేమో సముద్రంలో పడిపోయిందట, చెప్పుకొస్తున్నాడు. సుంకమ్మకి ఒక్క ముక్కా వినపడలేదు. ఆయన మొహం చూడాలి. వీధి వెలుతురు ఆయన వెనక ఉంది, మొహం కనపడటం లేదు.

"ఉండండి, మిమ్మల్ని కళ్ళారా చూసుకుంటా" అంటూ ఈరన్న లోపలికొచ్చి లైటు స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

సుంకమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దయ్యా. అది ఇప్పుడే విచ్చుకుంది. ఇన్నాళ్ళు ఆగినా కదా, ఈ ఒక్క రాత్రి ఆగలేనా? పొద్దున చూస్తా నిన్ను."

ముగ్గురూ ఆ చీకట్లోనే తొట్టి పక్కన కూర్చున్నారు. మాటలు వినపడుతున్నాయి, మనుషులు కనపడటం లేదు. సుంకమ్మ పట్టుకున్న ఆ చెయ్యిని మాత్రం తెల్లారేదాకా వదల్లేదు.

కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి,
కడలి మీద పోయినోళ్ళు
కదిలి వచ్చిరి ఇంటికి,
మనం చేరాం మంచానికి!