విమానానికి ఉప్పు విడిపించిన కొర్లమ్మ

అనగా అనగా, సముద్రం మా జాలరిపేటకి ఇప్పటికంటే నాలుగు వలతాళ్ల పొడవంత దూరం అవతల ఉన్న రోజుల్లో, కొర్లమ్మ అని ఒక ఎండుచేపలావిడ ఉండేది. ఆమెకి గంప ఒకటి, గొడుగు ఒకటి, మాట ఒకటి. కాదన్నదంటే కాదనే.

ఆ సముద్రంలో ఒక విమానం మునిగి ఉండేది. ఎప్పుడో పెద్ద యుద్ధంలో పడింది. నడిపినవాడు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి, మావాళ్లిచ్చిన గంజి తాగి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడట. విమానం ఉండిపోయింది. చేపలు అందులో కాపురం పెట్టాయి. వలలు దాని రెక్కకి చిక్కి చిరిగేవి.

చాలా ఏళ్లకి పట్నం మ్యూజియం నుంచి సోమయాజులుగారనే ఆఫీసరు వచ్చాడు. ఆ విమానాన్ని పైకి తీసి, పదిమందికీ చూపించాలని ఆయన కోరిక. పన్నెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకున్నాడు. కానీ చేప వాసన పడని మనిషి. కొర్లమ్మ గంప ఎదురైతే ముక్కు మూసుకునేవాడు.

“ముక్కు మూసుకుంటే సముద్రం పోతాదేటి బాబూ?” అని కొర్లమ్మ నవ్వేది.

ముందు విమానం తలుపొకటి పైకొచ్చింది. కడిగి, తుడిచి, ఎండలో పెట్టారు. మొదటి రోజు వెండిపళ్లెంలా మెరిసింది. రెండో రోజు తెల్లటి పొక్కులు లేచాయి. మూడో రోజు వేలు పెడితే అప్పడంలా విరిగింది. సోమయాజులుగారు ఆ పొడి అరచేతిలో పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు. విమానమంతా ఇలాగే పొడైపోతే? పన్నెండేళ్ల ఆశ!

కొర్లమ్మ గంప దించింది. ఆ పొడిని వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది.

“ఉప్పు బాబూ. లోపలికంటా దిగిపోయింది. ఉప్పుచేపని ఒక్క కడుగు కడిగి కూరొండితే తినగలమేటి? నానబెట్టాలి. నీళ్లు మార్చాలి. మళ్లీ నానబెట్టాలి.”

“ఇది చేప కాదమ్మా, విమానం.”

“చేపకీ రెక్కలున్నాయి, దీనికీ రెక్కలున్నాయి. ఉప్పుకేటి తెలుసు తేడా?”

ఆయన పుస్తకాలు తిరగేశాడు. పుస్తకాలూ ఆమె మాటే చెప్పాయి. ఒడ్డున పెద్ద సిమెంటు తొట్టి కట్టించాడు. విమానాన్ని తీసి, తడి ఆరకుండానే తొట్టిలో మంచినీళ్లలో ముంచారు.

మరి ఉప్పు పోయిందో లేదో తెలిసేదెలా? నీళ్లు సీసాలో పోసి పట్నం పంపితే వారానికి జవాబొచ్చేది. కొర్లమ్మ మాత్రం పొద్దున్నే వచ్చి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, ఉమ్మేసి చెప్పేది.

“ఇంకా ఉంది.”

మూడుసార్లు సీసా పంపారు. మూడుసార్లూ ఆమె మాటే కాగితం మీద అచ్చయి వచ్చింది. నాలుగోసారి పంపలేదు.

ఏడాది గడిచింది. రాజధాని నుంచి పెద్దాఫీసరు వచ్చాడు.

“ప్రారంభోత్సవానికి తారీకు పెట్టేశాం. ఆరబెట్టి రంగెయ్యండి.”

“ఇంకా ఉంది,” అంది కొర్లమ్మ.

“ఎవరీవిడ?”

“మా పరీక్షకురాలండి,” అన్నాడు సోమయాజులుగారు.

“ఏం చదివింది?”

“నలభయ్యేళ్లు ఉప్పు చదివిందండి.”

తారీకు మార్చారు. రెండో తారీకు దగ్గరపడింది. ఇంకా ఉంది. మళ్లీ మార్చారు. మూడో తారీకు పెట్టి, ఇది మారదన్నారు.

ఆ తారీకుకి పదిరోజుల ముందు కొర్లమ్మ చనిపోయింది. గంపలో చేపలన్నీ అమ్మి, అన్నం తిని, నడుం వాల్చింది, అంతే. పేటంతా ఏడ్చింది. ఆమె తిట్లు తలుచుకుని నవ్వింది కూడా.

పెద్దాఫీసరు మళ్లీ దిగాడు. “ఇక అడ్డం చెప్పేవాళ్లు లేరుగా. నీళ్లు వదిలెయ్యండి.”

తొట్టి చుట్టూ జనం చేరారు. అందరూ సోమయాజులుగారి వైపే చూశారు. చేప వాసనకి దూరంగా నడిచే మనిషి తొట్టి గట్టు ఎక్కాడు. వంగి వేలు ముంచాడు. నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కొర్లమ్మలాగే ఉమ్మేశాడు.

“ఇంకా ఉందండి,” అన్నాడు.

“మీరు కూడానా!”

“నా మాట నమ్మొద్దు. మీరే చూడండి.”

పేటంతా చూస్తుంటే పెద్దాఫీసరు కాదనలేకపోయాడు. వేలు ముంచాడు. ముఖం చిట్లించాడు.

“ఉంది,” అన్నాడు.

ఆడవాళ్లు ఈలలేశారు. తారీకు మారింది.

మరో ఐదు నెలలు నీళ్లు మారాయి. ఒక పొద్దున సోమయాజులుగారి నాలిక్కి ఏమీ తగల్లేదు. మర్నాడూ లేదు. మూడోనాడూ లేదు. అప్పుడు నీళ్లు వదిలి, నీడలో మెల్లగా ఆరబెట్టారు. ఒక్క పొక్కు లేవలేదు. అంత విమానమూ పట్నం మ్యూజియంలో రెక్కలు చాపుకుని కూర్చుంది.

ఇదంతా కట్టుకథ అనేవాళ్లున్నారు. అననివ్వండి.

ఇప్పటికీ సముద్రంలోంచి ఏ వస్తువు తీసినా ఆ తొట్టిలోనే నానబెడతారు. నీళ్లు వదిలే రోజున మా ఎండుచేపల వరసలోంచి ఒకామెను పిలుస్తారు. ఆమె వేలు ముంచి చెప్పేదాకా ఎంతటి ఆఫీసరైనా గట్టు కిందే నిలబడాలి. ఇక మా పేటలో ఎవరైనా తొందరపడితే, “కొర్లమ్మనడిగావా?” అంటారు.

“ఆవిడ చనిపోయిందిగా!”

“అయితే ఆగు.”