చిలక మెడ నులిమేదెవరు?

నేను నోరు తెరవకముందే "రాజు ఉన్నాడా?" అని అడుగుతారు మీరు. ఉన్నాడర్రా, రాజు లేకుండా కథ ఎక్కడికి పోతుంది! కుంభగిరి రాజ్యానికి ప్రచండసేనుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు ఉదయమిత్రుడు. ఈ కథంతా అతని విసుగే, ముందే చెబుతున్నాను.

ఆ రాజ్యంలో కంకాళుడనే మాంత్రికుడు ఒక ఘోరం చేశాడు. ఏదో కోపంలో వీధి వెంట విసవిసా పోతూ, దారికి అడ్డం వచ్చాడని, గానుగ పేరమ్మ ఒక్కగానొక్క కొడుకును, పాలుగారే పసివాణ్ణి, మంత్రదండంతో తాకి రాయిని చేసేశాడు. ఆ రాతి పిల్లవాడి చెయ్యి ముందుకు చాపి ఉంది. కొట్టొద్దని చాపాడు కాబోలని చూసినవాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకున్నారు. కంకాళుడు నిద్రపోతుంటే భటులు దండం లాక్కుని, గొలుసులు వేసి సభకు ఈడ్చుకొచ్చారు. మళ్ళీ మనిషిని చెయ్యమంటే ఆ మంత్రం తను నేర్చుకోలేదన్నాడు. రాజు మరణశిక్ష వేశాడు.

వెయ్యడానికేం, వేశాడు. ఉరి తీస్తే తాడు తెగింది. కత్తితో నరికితే కత్తి వంగింది. ఏనుగు చేత తొక్కిద్దామంటే అది వాణ్ణి వాసన చూసి, వెనక్కి తిరిగి చెరుకు తోటలోకి పోయింది. కంకాళుడు పగలబడి నవ్వి, తన ప్రాణం ఏడు సముద్రాల అవతల దీవిలో ఒక చిలకలో ఉందని చెప్పేశాడు. ఈ మాంత్రికులందరికీ ఇదే రోగం, అడక్కపోయినా చెబుతారు.

పెద్దకొడుకు బయలుదేరి, మొదటి సముద్రంలోనే కడుపులో తిప్పుతోందని వెనక్కి వచ్చాడు. రెండోవాడు మూడో సముద్రం దాకా పోయి, ఊరగాయ అయిపోయిందని వచ్చాడు. ఇక మిగిలింది ఉదయమిత్రుడు. అతను ముందు పేరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గానుగ ఆపేసి రాతి కొడుకు పక్కన కూర్చుని ఉంది. ఆ మాంత్రికుడి ప్రాణం తెచ్చి నీ చేతిలో పెడతానమ్మా అని మాట ఇచ్చాడు. ఆవిడ తలెత్తి చూడనైనా లేదు.

సముద్రాలు దాటించింది ఒక ముసలి తాబేలు. దారి పొడుగునా దానికి సణుగుడే. ఇంతమంది రాజకుమారులను మోశాననీ, అందరూ ఎవరినో ఒకరిని చంపడానికి పోయేవాళ్ళేననీ, ఊరికే చూసిపోదామని వచ్చినవాడు ఒక్కడూ లేడనీ. దీవిలో చెట్టుకు ఒక పాము కాపలా. అక్కడ బందీగా ఉన్న హేమరేఖ అనే రాజకుమార్తె పాట పాడి పామును నిద్రపుచ్చింది, ఇతను పంజరం దింపాడు, ఇద్దరూ తాబేలెక్కారు. పాము ఎంత పొడుగని అడక్కండి, నాకు అసలు కథ ముఖ్యం.

ఆ చిలక నోరు మూస్తే ఒట్టు. తప్పు వాడు చేస్తే మెడ నాదెందుకయ్యా, వాడి ప్రాణం నాలో పెట్టమని నేను అడిగానా, అవునూ, జామపండు ఉందా? ఇదే వాగుడు. ఉదయమిత్రుడికి తల వాచిపోయింది. నాలుగో సముద్రంలో ఇక భరించలేక, ఇక్కడే పని ముగించేద్దామని పంజరంలో చెయ్యి పెట్టాడు. జామపండు ఇస్తున్నాడనుకుని అది అరచేతిలో ముక్కు పెట్టింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటినుంచి అతని కోపమంతా తన మీదే.

ఎట్టకేలకు సభలో చిలకను దింపాడు. గొలుసులతో నిలబడ్డ కంకాళుడి మొహం పాలిపోయింది. రాజు తలారిని పిలిచాడు. తాతలనాటినుంచి తమది మనుషుల తలలు తీసే కొలువేగాని పక్షుల పని కాదన్నాడు తలారి. ఆయుధం లేని ప్రాణి మీద చెయ్యి వెయ్యనన్నాడు సేనాపతి. తన పని సలహా వరకే అన్నాడు మంత్రి. తీర్పు చెప్పిన నోరూ అమలు చేసే చెయ్యీ ఒకటి కాకూడదని రాజుగారు సెలవిచ్చారు.

బయట జనం చంపాలి, చంపాలి అని గొంతులు చించుకుంటున్నారు. ఉదయమిత్రుడు చిలకను పట్టుకుని, కంకాళుణ్ణి భటులచేత వెంట నడిపించుకుని వెళ్ళి, చిలకను అందరికన్నా గట్టిగా అరుస్తున్నవాడి ముందు పెట్టాడు. వాడికి ఆ వేళ శనివారం. వాడి పక్కవాడి భార్యకు నెలలు నిండాయి. వాడికి అవతలివాడు చెయ్యి చూపించి, బొబ్బలెక్కిందన్నాడు.

ఉదయమిత్రుడికి ఒళ్ళు మండింది. "అరవడానికి ఇంతమంది ఉన్నారు గదయ్యా, ఇంత పిట్ట మెడ తిప్పడానికి ఒక్కడు లేడా?"

మరి నువ్వే తిప్పరాదా అని వెనకనించి ఎవరో అన్నారు. నా వల్ల కాలేదన్నాడతను. చెప్పడానికి సిగ్గేసింది, కాని నిజం అదే.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ పేరమ్మ వచ్చింది. ఆవిడ ఒక్కసారీ అరవలేదు. "ఇలా ఇయ్యి బాబూ" అని చెయ్యి చాపింది. మాట ఇచ్చాడు గనక ఉదయమిత్రుడు చిలకను ఇచ్చాడు. ఆవిడ చంపితే అడ్డు చెప్పే హక్కు తనకు లేదు. కళ్ళు మూసుకోబోయి, అది పిరికితనమని మళ్ళీ తెరిచాడు.

గానుగ పనిలో రాటుదేలిన వేళ్ళు చిలక మెడ చుట్టూ బిగిశాయి. చిలక వాగుడు ఆగిపోయింది. కంకాళుడు గొంతు పట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు.

"నా బిడ్డ చివరికి ఏమన్నాడు?" అని పేరమ్మ వాణ్ణి అడిగింది. విచారణ అన్నాళ్ళు జరిగిందా, ఆ మాట ఎవరికీ తోచలేదు.

కంకాళుడు ఊపిరందక తడబడుతూ చెప్పాడు. "చేతిలో నువ్వుండ ఉంది. నవ్వుతూ, తింటావా మామా అని చాపాడు. అది కిందపడింది. నేను తొక్కి వెళ్ళిపోయాను."

ఆవిడ వేళ్ళు ఇంకా బిగిశాయి. అయిపోయిందనుకున్నారంతా. అంతలో వేళ్ళు వదులయ్యాయి. పేరమ్మ నడివీధిలో కూలబడి, బిడ్డ పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

"వీణ్ణి చంపితే ఆ మాట విన్నవాడు ఇంకెవడున్నాడు? నా బిడ్డను ఆఖరున చూసింది వీడొక్కడే. క్షమించాననుకునేరు, క్షమించలేదు. రోజూ పొద్దున్నే వచ్చి నా బిడ్డ ఎదట కూర్చుని, జరిగింది జరిగినట్టు నాకు చెప్పాలి. చిలక నా ఇంట్లో ఉంటుంది."

ఇదీ ఒక శిక్షేనా అని రాజు విసుక్కున్నాడు. మూడు నెలలు తిరక్కుండానే కంకాళుడు వచ్చి, మహాప్రభో, ఆ చిలక మెడే నులిమించండి అని కాళ్ళు పట్టుకున్నాడు. రాజు ఇంకా విసుక్కున్నాడు.

పెళ్ళెప్పుడని గోల చెయ్యకండి. ఉదయమిత్రుడికీ హేమరేఖకూ అంగరంగ వైభవంగా పెళ్ళయింది, తాబేలు కూడా వచ్చి పందిట్లో సణిగింది. ఉదయమిత్రుడు రాజై చాలాకాలం ఏలాడు. ఎవరికైనా మరణశిక్ష వెయ్యమని అడిగినవాడు స్వయంగా వచ్చి తన చేత్తోనే చంపాలని చట్టం పెట్టాడు. ఒక్కడూ రాలేదు. అంతమాత్రాన దొంగలు మంచివాళ్ళైపోలేదు. చెరసాలలు నిండిపోయాయి, మంత్రి నెత్తి కొట్టుకున్నాడు.

కంకాళుడి గడ్డం నెరిసింది, నడుం వంగింది. ఒక పొద్దున చెప్పడం ముగించి, నన్ను క్షమించావా తల్లీ అని అడిగాడు.

"లేదు" అంది పేరమ్మ. "ఇవాళ వాడు నవ్వాడన్న ముక్క వదిలేశావు. మళ్ళీ మొదటినుంచి చెప్పు."